తక్‌పట్టీ సర్వర్ ఎందుకు ఆగుతున్నదంటే

హన్మకొండ

దోస్తూ,

నువ్వు పంపిన కోడు, లాగు (సర్వర్ రాసుకునే రికార్డు) రెండూ మొత్తం చదివిన. మార్కెట్ యార్డుల జెండా పాట (వేలం) అయిపోయి, కాంటాలు నడిచి, అడ్తిదారులందరూ (కమీషన్ ఏజెంట్లు) ఒక్కసారే తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) కొట్టే టైముకు సర్వర్ ఆగుతున్నదని రాసినవ్. ర్యామ్ పెంచాల్నా, ఇంకో మిషన్ తీసుకోవాల్నా అని అడిగినవ్. రెండూ వద్దు. లాగుల ఒకటే మాట మల్ల మల్ల వస్తున్నది: డేటాబేస్ కనెక్షన్ దొరకలేదు, 30000 మిల్లీసెకన్లు చూసి టైమౌట్ అయింది అని. డేటాబేస్‌కు ఏం కాలే. కనెక్షన్లు వేరే కాడ ఇరుక్కున్నయ్.

లెక్క చూడు. నువ్వు వాడే జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌తోని వచ్చే హికారీ పూల్‌ల (డేటాబేస్ కనెక్షన్లను తెరిచి పెట్టుకునే గుంపు) మనం ఏం మార్చకుంటే 10 కనెక్షన్లే ఉంటయ్. వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ మాత్రం 200 థ్రెడ్ల దాకా, అంటే ఒక్కసారే 200 రిక్వెస్టుల దాకా నడిపిస్తది. నీ సేవ్ మెథడ్ ట్రాన్సాక్షన్ (పడితే అన్నీ పడాలె, లేకుంటే ఏదీ పడొద్దు అనే రాతల కట్ట) తెరిచి, వరుసలు రాసి, అందులనే రైతుకు ఎస్సెమ్మెస్ పంపి, అది పోయినంక కమిట్ (రాసింది ఖాయం చేసుడు) కొడుతున్నది. ఎస్సెమ్మెస్ పంపే గేట్‌వే జవాబియ్యడానికి 2 సెకన్లు పడితే ఆ 2 సెకన్లు కనెక్షన్ ఉత్తగనే బందీ. 10 కనెక్షన్ల మీద సెకనుకు 5 తక్‌పట్టీలు, గంతే. అంతకన్న జోరుగ వస్తే లైను పెరుగుడే, 30 సెకన్లు దాటినవన్నీ ఫెయిల్. అదే మెథడ్‌లకెళ్లి ఎస్సెమ్మెస్ తీసేసి, రాసే పని 20 మిల్లీసెకన్లల అయిపోతే కాగితం లెక్కన సెకనుకు 500.

పూల్‌ను 100 చేద్దామని నీకు అనిపిస్తది. చెయ్యకు. నీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ మామూలుగ మొత్తం 100 కనెక్షన్లకే సెట్ అయి వస్తది, అందుల 3 అడ్మిన్ కోసం పక్కకు పెట్టుకుంటది. నీ 4 కోర్ల మిషన్‌కు కోర్లను రెండుతోని గుణించి, ఒక డిస్కు కలిపితే 9. అక్కడికెళ్లి మొదలుపెట్టి కొలుచుకుంట పోవాలె. ఇప్పుడున్న 10 సరిపోతయ్.

ఇగ ఎస్సెమ్మెస్ ఎట్ల పంపాలె? పంపాల్సిన మెసేజుల కోసం ఒక టేబుల్ పెట్టు. తక్‌పట్టీ రాసే ట్రాన్సాక్షన్‌లనే అందుల కూడ ఒక వరుస రాయి. పడితే రెండూ పడతయ్, లేకుంటే రెండూ పడవు. వెనక ఒక వర్కర్ 'ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్' (వేరేవాళ్లు పట్టిన వరుసలను వదిలేసే క్వెరీ) తోని ఓ 20 వరుసలు పట్టి, 'తీసుకున్న' అని గుర్తు పెట్టి, కమిట్ కొట్టాలె. పంపుడు కమిట్ అయినంకనే. లేకుంటే అదే రోగం వర్కర్‌లకు వస్తది. 'తీసుకున్న' మీదనే 5 నిమిషాలు ఆగిన వరుసను మల్ల పట్టుకోవాలె, మధ్యల వర్కర్ పడిపోయి ఉంటది కాబట్టి. దీనితోని ఒక్కోసారి ఒకే ఎస్సెమ్మెస్ రెండుసార్లు పోతది. పోనీ, రైతుకు నష్టం లేదు.

తక్‌పట్టీ రెండుసార్లు పడితే మాత్రం నష్టమే. యార్డుల సిగ్నల్ సరిగ లేక గుమస్తా బటన్ మల్ల నొక్కుతడు, రెండు పట్టీలు పడతయ్. ఫారం తెరిచినప్పుడే ఫోన్‌ల ఒక యూయూఐడీ (మల్ల ఎక్కడా రాని గుర్తింపు నంబరు) పుట్టించు, ఎన్నిసార్లు నొక్కినా అదే రావాలె. ఆ కాలమ్‌కు యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే నంబరును రెండుసార్లు పడనియ్యని కట్టుబాటు) పెట్టు. నువ్వు చేసినట్టు ముందు వెతికి, లేకుంటే రాసే పద్ధతి నిలవదు. రెండు రిక్వెస్టులు ఒక్కసారే వెతికితే రెండింటికీ 'లేదు' అనే వస్తది. రాసి చూసి ఎర్రర్ పట్టుకుందామంటే పోస్ట్‌గ్రెస్‌ల ఎర్రర్ వచ్చిన ట్రాన్సాక్షన్ అక్కడికే చచ్చిపోతది, అందుల ఇంకో క్వెరీ నడవదు. అందుకే 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్' (అప్పటికే ఉంటే ఎర్రర్ ఇయ్యక ఊకుంటది) వాడు. ఎన్ని వరుసలు పడ్డయో చూడు. సున్నా వస్తే పాత పట్టీనే తెచ్చి పంపు.

నీ కోడ్‌ల ఇంకొకటి నన్ను బాగ భయపెట్టింది. ట్రాన్సాక్షనల్ అని రాసిన మెథడ్‌ను అదే క్లాసుల ఇంకో మెథడ్ నుంచి పిలుస్తున్నవ్. స్ప్రింగ్ ట్రాన్సాక్షన్ తెరిచేది బయట ఉండే ప్రాక్సీల (మన క్లాసు ముందట స్ప్రింగ్ నిలబెట్టే మధ్యవర్తి). లోపలికెళ్లి పిలిస్తే ప్రాక్సీని దాటిపోతది, ట్రాన్సాక్షనే తెరుచుకోదు. బస్తాలు పడి, పైసలు పడకుండ ఉండేది ఇట్లనే. దాన్ని వేరే క్లాసుల పెట్టు. చెక్డ్ ఎక్సెప్షన్ (కోడ్‌ల పట్టుకోవాలని జావా పట్టుబట్టే రకం ఎర్రర్) వచ్చినా స్ప్రింగ్ తనంతట తాను రోల్‌బ్యాక్ (రాసింది వెనక్కి తీసుడు) చెయ్యదు, కమిట్ చేస్తది. రోల్‌బ్యాక్-ఫర్ అని స్పష్టంగ రాసి పెట్టాలె.

పైసలు, తూకం డబుల్‌ల (దశాంశాలను సుమారుగనే దాచే టైపు) పెట్టకు. 0.1కు 0.2 కలిపితే 0.30000000000000004 వస్తది. సీజన్‌ల లక్షల బస్తాల మీద ఆ తేడా అడ్తిదారు ఖాతాల కనిపిస్తది. బిగ్‌డెసిమల్ (దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే టైపు) వాడు, అదీ స్ట్రింగ్ నుంచి పుట్టించు. రౌండింగ్ ఎక్కడ చెయ్యాల్నో ఒక్కచోటనే తేల్చుకో.

రోజు లిస్టు లేటుగ వస్తున్నదానికి కారణం చిన్నదే: 50 పట్టీలకు 51 క్వెరీలు పోతున్నయ్, లిస్టుకు ఒకటి, ఒక్కో పట్టీ అడ్తిదారు కోసం ఒకటి. అడ్తిదారును జాయిన్ ఫెచ్‌తోని, అంటే అదే క్వెరీల కలిపి తెచ్చుకో. బస్తాల కలెక్షన్‌ను మాత్రం పేజీలతోని కలిపి ఫెచ్ చెయ్యకు, మొత్తం మెమరీలకు తెచ్చి అక్కడ కోస్తది. ఓపెన్-ఇన్-వ్యూ (జవాబు తయారయ్యేదాక డేటాబేస్ సెషన్‌ను తెరిచి ఉంచే సెట్టింగు) బంద్ చెయ్యి. చేసినంక లేజీ ఎర్రర్లు (సెషన్ మూసినంక డేటా తెయ్యబోతే వచ్చేవి) వస్తయ్, రానీ. లేటుగ ఎక్కడ తెస్తున్నవో అవే చూపిస్తయ్.

బయటి కాల్స్ అన్నింటికీ టైమౌట్ పెట్టు: కలవడానికి 2 సెకన్లు, జవాబుకు 5. జావా పాత హెచ్‌టీటీపీ క్లాసుకు మనం పెట్టకుంటే టైమౌటే లేదు, ఎంతసేపైనా ఆగుతది.

ఇవన్నీ మార్చేముందు హికారీల లీక్ డిటెక్షన్ 5000 మిల్లీసెకన్లకు పెట్టి, మంగళవారం యార్డు నడిచే టైముల ఉండనియ్యి. ఏ కోడు కనెక్షన్‌ను 5 సెకన్ల కన్న ఎక్కువ పట్టుకున్నా స్టాక్ ట్రేస్ (ఏ మెథడ్ నుంచి ఏ మెథడ్‌కు పోయిందో చూపే జాబితా) లాగుల పడతది. గేట్‌వే 5 సెకన్లు దాటినప్పుడు ఎస్సెమ్మెస్ దొరుకుతది, దానితోపాటు నీ పీడీఎఫ్ తయారుచేసే మెథడ్ కూడ దొరుకుతదని నా అనుమానం. ఆ లాగు అట్లనే పంపు.

నీ దోస్తు