తోట పేరేదీ?

అయ్యా,

'ఒకే తోట గింజలు' అని కాఫీ ప్యాకెట్ల మీద రాయడం ఈమధ్య ఎక్కువైంది. వెనక్కి తిప్పితే ఇథియోపియా అనో కొలంబియా అనో దేశం పేరు మాత్రమే కనిపిస్తుంది. దేశమంతా ఒకే తోటా?

ప్రాంతం పేరు వేసినా చాలదు. ఇథియోపియాలోని యిర్గాచెఫెలో వందల మంది చిన్న రైతులు తమ పండ్లను తొక్క తీసి గింజలు కడిగే ఒకే వాషింగ్ స్టేషన్‌లో పోస్తుంటారు. అక్కడ ఏ గింజ ఎవరి చెట్టుదో చెప్పడం కష్టం. (ఆ కాఫీకి వంక పెట్టలేం, పేచీ అంతా ఆ పేరుతోనే.) పనామాలోని బొకెతే సంగతి వేరు. ఇథియోపియా నుంచి వెళ్లిన గేషా రకం 2004లో అక్కడి పోటీలో గెలిచి లోకానికి తెలిసింది ఒక్క తోట గింజలతోనే.

తోట ఎంత ఎత్తులో ఉందో కూడా చెప్పాలి. చల్లని కొండల మీద పండు నిదానంగా మాగుతుంది, గింజ గట్టిపడుతుంది. మొన్న రెండు ప్యాకెట్ల గింజలు పక్కపక్కన పోసి చూశాను. వేపుడు రంగు ఒకటే. ఒకదానివి ఎత్తు తోటల గింజల్లా చిన్నగా, నడిమి గీత బిగిసి ఉన్నాయి. రెండోదానివి ఉబ్బి, గీత విచ్చుకుని ఉన్నాయి. రెండింటి మీదా ప్రాంతం పేరు ఒకటే!

తోట, ఎత్తు, రకం, కోసిన నెల అచ్చువేయమని అమ్మేవాళ్లను కొనేవాళ్లమే అడగాలి. కొండల బొమ్మకు దొరికిన చోటు వీటికి దొరకదా?

– ఒక పాఠకురాలు