పాప పెళ్లి బంగారం సంగతి

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? మామయ్యగారి మోకాళ్ల నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్‌లో నువ్వు "ఘనాలో బంగారం చవకంట కదా, పాప పెళ్లికి రెండు కాసులు పట్టుకురా" అన్నావు, నేను తేలేనన్నాను, ఎందుకో చెప్పబోతుంటే "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా, అక్కడివాళ్లకే లేని బాధ నీకేంటి" అని కొట్టిపారేశావు. ఈలోగా లైన్ కట్టయింది. అప్పట్నుంచీ ఆ మాట మనసులో నలుగుతూనే ఉంది, అందుకే కూర్చుని రాస్తున్నా. కోపంతో కాదు, నువ్వు ఓపిగ్గా చదవాలని.

ముందు చట్టం సంగతి చెప్పేస్తా. ఇక్కడి చిన్న గనుల బంగారం వ్యాపారంలో విదేశీయులు ఉండకూడదని 2025 మే నుంచి రూలు పెట్టారు. కానీ రూలు లేకపోయినా తెచ్చేవాణ్ణి కాదు.

మా కంపెనీ పైపుల లోడుతో కుమాసీ నుంచి డంక్వాకి నెలకోసారి వెళ్తుంటానని చెప్పాను కదా. డంక్వా ఒఫిన్ నది ఒడ్డున ఉంది. ఆ నదిని మొదటిసారి చూసినప్పుడు బాగా మరిగిన పాల టీ పారుతున్నట్టనిపించింది. ఒడ్లంతా బంగారం కోసం తవ్వేసి గుంతలు, గుంతల్లోంచి నీళ్లు తోడే మోటార్లు. ఈ తవ్వకాన్ని ఇక్కడ గలామ్సే అంటారు, 'గ్యాదర్ దెమ్ అండ్ సెల్', అంటే పోగుచేసి అమ్ము అనే ఇంగ్లీషు మాట ఇక్కడివాళ్ల నోళ్లలో నలిగి అలా అయిందట. ఆ మోటార్లకి తగిలించిన పైపుల్లో మేం అమ్మినవీ ఉంటాయి, ఆ సంగతి దాచను.

మా డ్రైవర్ వాళ్ల అక్కగారిల్లు ఆ ఊళ్లోనే. వెళ్లినప్పుడల్లా భోజనం అక్కడే. పెరట్లో కర్రపెండలం, అరటి, గోడ వారగా చేమ మొక్కలు. ఇక్కడి చేమాకుని కొంటొమిరే అంటారు, పామాయిల్ వేసి కూర చేస్తే, ఉడికించిన పచ్చి అరటికాయతో తింటుంటే మా అమ్మ చేసే చేమాకు పులుసే గుర్తొస్తుంది నాకు. ఆవిడ ఆకుని ఒకటికి మూడుసార్లు కడుగుతుంది. గలామ్సే దుమ్ము పడుతుందని ఆవిడకి తెలుసు.

ఆ పెరటి గోడ అవతల ఒక బంగారం కొనే కొట్టుంది. పోయినసారి లోడు దిగడం ఆలస్యమై అక్కడ నిలబడ్డాను. ఒక కుర్రాడు, మహా అయితే పద్దెనిమిదేళ్లుంటాయి, గుడ్డలో మూటకట్టిన ముద్ద తెచ్చాడు. ఇసకతో కలిసున్న బంగారపు నలుసుల్ని పాదరసం పట్టుకుని ముద్దగా చేస్తుంది, మిగిలిన రసాన్ని గుడ్డలోంచి పిండేస్తారు. ఆ ముద్ద ఎంతుంటుందనుకున్నావు? రేగుపండంత. రంగు వెండి. దాన్ని చిన్న ఇనప మూకుట్లో పెట్టి గ్యాస్ మంట పైనుంచి కొట్టాడు కొట్టువాడు. చేతికి గ్లౌజు లేదు, మూతికి గుడ్డ లేదు. ముద్ద మీద చిన్న చిన్న చిల్లులు పడి, తెలుపు పోయి, మట్టి పసుపు రంగు తిరిగింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పాదరసం 357 డిగ్రీలకే ఆవిరైపోతుంది, దానికి వాసన ఉండదు, కంటికి కనబడదు. గ్రాము బంగారానికి దాదాపు గ్రాము పాదరసం అలా గాల్లో కలిసిపోతుంది. గాలి గోడ అవతలికి వీస్తోంది బావా. ఆవిడ అప్పుడే ఆకు కోస్తోంది.

ఆ రాత్రి రూముకొచ్చి చాలాసేపు చదివాను. పాదరసం అంటే నాకు గుర్తున్నది జపాన్‌లోని మినమాటా ఊరు, అక్కడ పాదరసం చేరిన చేపలు తిన్నవాళ్లకి వచ్చి 1956లో బయటపడిన జబ్బు. అంటే నీళ్ల సంగతే అనుకునేవాణ్ణి. పంటల్లోకి వచ్చినా మట్టిలోంచి వేరు పీల్చుకుంటుందేమో అనుకున్నా. అది కాదట. మట్టిలో పడ్డ పాదరసం మట్టికే గట్టిగా అతుక్కుంటుంది, వేరు దగ్గర ఆగిపోతుంది, పైకి ఎక్కేది కొంచెమే. ఆకు మాత్రం మనం ముక్కుతో పీల్చినట్టే చిన్న చిన్న రంధ్రాలతో గాలి పీలుస్తుంది, దాంతోపాటు ఈ ఆవిరి లోపలికెళ్లి ఆకు కండలోనే ఉండిపోతుంది. ఇక ఎన్నిసార్లు కడిగితే మాత్రం ఏం లాభం?

దీన్ని నైజీరియాలో తేల్చారు. బంగారం శుద్ధి చేసే చోటుకి అర కిలోమీటరు దూరంలో ఒక చేను, 8 కిలోమీటర్ల అవతల ఇంకో చేను, రెండింట్లోనూ కర్రపెండలం, మొక్కజొన్న, వేరుశనగ తీసుకుని పరీక్షించారు. పాదరసంలో బరువు తేడా ఉన్న రకాలు ఏడున్నాయి, వాటి పాళ్లు చూస్తే అది గాల్లోంచి వచ్చిందో మట్టిలోంచి వచ్చిందో చెప్పొచ్చు. ఎక్కువ భాగం గాల్లోంచే. దగ్గరి చేలో ఎక్కువ, అందులోనూ ఆకుల్లో మరీ ఎక్కువ, దుంపలో, గింజలో తక్కువ. చేమాకైనా కర్రపెండలం ఆకైనా గాలి పీల్చే తీరు ఒకటే కదా. మీ పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకి పోయే కర్రపెండలమే ఇక్కడి జనానికి అన్నం, ఫుఫూ అని దంచుకుని తింటారు. దుంపలో తక్కువన్న మాట ఒక్కటే నాకు కాస్త ఊరట.

వరి కథ వేరు. నీళ్లు నిలిచిన మడిలో ఉండే సూక్ష్మజీవులు పాదరసాన్ని ఇంకా ప్రమాదకరమైన మిథైల్ రూపంలోకి మారుస్తాయి, అది గింజలోకి పోతుంది. చైనాలో వాన్‌షాన్ అనే పాదరసం గనుల ఊళ్లో చేపలకంటే బియ్యం వల్లే జనం ఒంట్లోకి ఎక్కువ చేరిందని తేలింది. మూడు పూటలా అన్నం తినేవాళ్లం, ఇది చదివి నాకు నిద్ర పట్టలేదు.

నువ్వు అడుగుతావని తెలుసు, మరి వాళ్లెందుకు మానరని. మానడం తేలిక కాదు బావా. పాదరసంతో అయితే ఒక్కడే పొద్దున తవ్వి సాయంత్రానికి డబ్బు చేతపట్టుకోవచ్చు. మూతపెట్టి కాల్చే రిటార్ట్ అనే పాత్ర ఉంది, ఆవిరి గొట్టంలోంచి చల్లబడి మళ్లీ రసమై గిన్నెలో పడుతుంది, 90 శాతం పైగా వెనక్కొస్తుంది, మళ్లీ వాడుకోవచ్చు. కానీ మూత లోపల ఏం జరుగుతోందో కనబడదు, బంగారం ఎవడైనా నొక్కేస్తాడేమోనని ఆ కుర్రాళ్లకి భయం, టైమూ ఎక్కువ. పాదరసాన్ని అదుపు చెయ్యడానికి ఆ మినమాటా పేరుతోనే 2013లో దేశాల మధ్య ఒప్పందం కుదిరింది, ఇళ్ల మధ్య ఈ ముద్దలు కాల్చడం ఆపాలని అందులో స్పష్టంగా ఉంది, ఘనా 2017లోనే ఒప్పుకుంది. ప్రపంచంలో మనుషుల వల్ల గాల్లోకి పోయే పాదరసంలో మూడో వంతుకు పైగా ఇలాంటి చిన్న గనులదే. ఆ కొట్టువాడు ఆ ఒప్పందం పేరైనా విన్నాడో లేదో. అతని చేతులు సన్నగా వణకడం నేను చూశాను, వయసు నలభై కూడా ఉండదు. ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతే చాలామటుకు ఒంట్లోనే ఆగిపోయి నరాల మీద పని చేస్తుంది.

అందుకే బావా, కందకి దురద లేదనకు. ఆ అక్కగారికి ఇదంతా మా డ్రైవర్ చేత వాళ్ల భాషలో చెప్పించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది, పెద్ద కూతురు కడుపుతో ఉంది, ఇన్నాళ్లూ ఈ ఆకే తింది, ఏమైనా అవుతుందా అని. ఏం చెప్పను? క్లినిక్‌లో చూపించమన్నాను, ఇక మీదట చేమాకు ఊరి అవతల వాళ్లన్నయ్య పొలంలోంచి తెప్పించుకోమన్నాను.

ఇక్కడి ముడి బంగారం మన దేశానికీ వస్తుంది, అక్కడ శుద్ధయ్యి బిస్కెట్లవుతుంది, షాపులో కొన్నా అది ఏ పెరటి పక్కన కాల్చిందో మనకి తెలీదు. అత్తయ్యగారి పాత కాసులపేరు బీరువాలో ఊరికే పడి ఉంది కదా, మీ కంసాలి చేత అది కరిగించి పాపకి గొలుసు చేయించు, మజూరీ నేనిస్తా. పాపకి నా కానుక అదే అనుకో.

వచ్చే శనివారం మళ్లీ డంక్వా లోడుంది. ఆ పిల్లని క్లినిక్‌కి తీసుకెళ్లారో లేదో కనుక్కుని వచ్చాక ఫోన్ చేస్తా. మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
బావ