బెలూన్ ఎక్కనట్టు ప్రూఫ్ అడిగిన మీ కస్టమర్ కేర్ గురించి

టూర్స్ మేనేజర్ గారికి,

ఇది నేను మీకు రాస్తున్న ఐదో మెయిల్. మొదటి నాలుగింటికీ 'మీ మెయిల్ అందింది, 48 గంటల్లో స్పందిస్తాం' అని అర నిమిషంలో జవాబొచ్చింది. ఆ 48 గంటలు ఏడు వారాలుగా నడుస్తూనే ఉన్నాయి. ఆ జవాబిచ్చే మెషీన్‌కి జీతం పెంచండి, మీ ఆఫీసులో పని చేస్తున్నది అదొక్కటే.

జరిగింది రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే ఇప్పటికే మీవాళ్లు ఆరుగురికి మొదటి నుంచి చెప్పాను. ఆగస్టులో మీ ప్యాకేజీలో నేనూ మా ఆవిడా కెన్యా వెళ్లాం. పెళ్లయి 25 ఏళ్లయిందని అక్కడి మసాయి మారా అభయారణ్యంలో బెలూన్ సఫారీకి విడిగా 81,000 కట్టాం, వోచర్ మీరే ఇచ్చారు. తెల్లవారుజామున నాలుగుంపావుకి లాడ్జి గేటు దగ్గర స్వెటర్లు వేసుకుని నిలబడ్డాం. ఎక్కడో హైనా అరుస్తోంది, వాచ్‌మన్ టార్చి పట్టుకుని మా పక్కనే ఉన్నాడు పాపం. బెలూన్ వాళ్ల జీపొచ్చింది. ఆ అబ్బాయి లిస్టు పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి చూశాడు. మా పేర్లు లేవు. మీ దగ్గర్నుంచి వాళ్లకి డబ్బే రాలేదట. ఆరున్నరకి బెలూన్లు ఒక్కొక్కటే లేస్తుంటే మేం వ్యాన్ టాప్ తెరుచుకుని కింద నుంచి చూశాం. మా ఆవిడ ఏమీ అనలేదు, ఫ్లాస్కులో టీ పోసి నాకిచ్చింది. తిట్టినా బాగుండేది.

నిజం చెప్పాలంటే అది కూడా మర్చిపోయేవాణ్ని. నైవాషా సరస్సులో బోటు బాగుంది, నకురులో ఖడ్గమృగాలు చూశాం, డ్రైవరైతే బంగారం. సీజన్‌లో మారాకి మనిషికి రోజుకు 200 డాలర్ల గేటు ఫీజు, అక్కడ ఒక్క నిమిషం ఆలస్యం కాలేదంటే అతని చలవే. నా బాధంతా ఇంటికొచ్చాక మీరు ఆడిన బంతాట గురించి.

హైదరాబాద్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అది నైరోబీ డెస్క్ చూస్తుందన్నారు. నైరోబీకి చేస్తే డబ్బు హైదరాబాద్‌లో కట్టారు కదా అన్నారు. అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, వాళ్లు సీట్లోకి వచ్చేసరికి మీవాళ్లు లంచ్‌కి పోతారు, ఇద్దరూ ఒకేసారి దొరికిన పాపాన పోలేదు. వాట్సాప్‌లో మాత్రం రోజూ 'పోలే సానా' అని మెసేజ్. స్వాహిలీలో చాలా సారీ అని అర్థమట. మా ఆవిడ చూసి 'నిజమే, మనం పోలే' అంది. ఒకసారి వాళ్లు 'సా తతు'కి చేయమన్నారు. ట్రిప్‌లో నేర్చుకున్న అంకెలు లెక్కపెట్టుకుని మూడింటికి చేశాను. వాళ్ల లెక్క పొద్దు పొడిచిన దగ్గర్నుంచి మొదలవుతుందనీ, అది ఉదయం తొమ్మిదనీ తర్వాత తెలిసింది. అది నా తప్పే, ఒప్పుకుంటాను. మిగతావన్నీ మీవి.

ఇక మీ కస్టమర్ కేర్ ఆణిముత్యాలు. ఒకమ్మాయి 'ఎస్కలేట్ చేశాను సర్' అంది, ఎవరికి అంటే 'సిస్టమ్‌కి సర్' అంది. ఇంకో అబ్బాయి, ఈయన్ని నేను జన్మలో మర్చిపోను, 'బెలూన్ ఎక్కనట్టు ఏదైనా ప్రూఫ్ ఉందా సర్' అని అడిగాడు. ఎక్కనట్టు ప్రూఫ్ ఎలా ఉంటుందయ్యా! అయినా పంపాను. మా ఆవిడ నేల మీద, బెలూన్లు ఆకాశంలో ఉన్న ఫొటో. 'నైస్ పిక్ సర్' అని బొటనవేలు బొమ్మతో రిప్లై ఇచ్చాడు. పోయిన సోమవారం, అంటే మేం తిరిగొచ్చిన ఏడు వారాలకి, 'మీ ప్రయాణానికి పది రోజుల ముందే ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ వేయించుకోండి' అని రిమైండర్ వచ్చింది. నారాయణగూడ వెళ్లి జులైలోనే వేయించుకున్నాం మహానుభావా.

టాంజానియాలోని సెరెంగెటి నుంచి గడ్డి కోసం మారాకి వచ్చే ఆ వైల్డబీస్టు జింకలే నయం, నదిలో మొసళ్లున్నా చాలా మటుకు అవతలి ఒడ్డుకు చేరతాయి. నా కంప్లైంటు మీ రెండో అంతస్తు దాటలేదు.

2014లో కాశీ యాత్ర మీతోనే చేశాం. కేరళ, దుబాయ్ కూడా మీతోనే. మా బావమరిది హనీమూన్, మా అపార్ట్‌మెంట్ నుంచి మూడు కుటుంబాలు, అందరికీ మీ కార్డు పంచింది నేను. ఇప్పుడు వాళ్లు లిఫ్టులో కనపడి బెలూన్ ఎలా ఉందని అడుగుతుంటే మెట్లెక్కి వెళ్తున్నాను. నాకు మోకాళ్ల నొప్పులు.

డబ్బు ఇస్తారా, పోనీ ఎవరో ఒక పెద్దమనిషి ఫోన్ చేసి జరిగింది తప్పేనని మా ఆవిడతో ఒక్క మాట అంటారా, మీ ఇష్టం. అసలు నాకు రెండూ కావాలి. ఈ శనివారం లోపు ఏదీ జరక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మేం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, నేను రిటైరయ్యాను, నాకు బోలెడంత తీరిక. మీ ఆ 'నైస్ పిక్' కూడా ప్రింట్ తీయించి జత చేస్తాను.

ఫోన్ చేయదలిస్తే మనిషి చేత చేయించండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మాత్రం వద్దు, నేను పడుకుంటాను, ఫోన్ ఆవిడ ఎత్తుతుంది, మీకే ఇబ్బంది.

ఇట్లు,
మీ పదకొండేళ్ల కస్టమర్,
కూకట్‌పల్లి