చలివేంద్రం ఎందుకు ఆగిందో, ఫ్లెక్సీ ఎందుకు తీయలేదో

మన దుకాణానికి వచ్చిపోయే అక్కలకు, అన్నలకు, అమెరికాల ఉన్న పిల్లల కోసం సకినాలు కట్టించుకపోయే అమ్మలకు నమస్కారం.

హన్మకొండ బస్టాండుకు పోయే తొవ్వల మన పిండివంటల దుకాణం ముంగట ఎండాకాలం వస్తే చలివేంద్రం పెడతమని మీకు తెలుసు. ఈసారి సరిగ్గ రోహిణి కార్తెల అది కొన్ని రోజులు బందున్నది. రంజన్లు బోర్లించి ఉన్నయి, పైన మాత్రం మన దుకాణం పేరుతోటి ఫ్లెక్సీ అట్లనే ఉన్నది. ఎవరో దాన్ని ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపుల "పేరు ఫుల్లు, నీళ్లు నిల్లు" అని పెట్టినరు. ప్రాస మంచిగనే కుదిరింది. నాకైతే ఆ రాత్రి అన్నం సయించలేదు. సగం ముచ్చట తెలిసినోళ్లు ఇంకో సగం అల్లుకుంటున్నరు గనుక మొత్తం నేనే చెప్తున్న.

ధరలు, టైమింగులు, పార్సిళ్లు అన్నీ పాతవే. వాటి గురించి ఫోన్లు చేయకండి.

నీళ్లు మేం క్యాన్లల్ల తెప్పించేటోళ్లం. ఆర్‌వో ప్లాంటాయన ఏండ్ల సంది ఏస్తున్నడు, పేరు చెప్పను. ఒకనాడు పొద్దున రంజన్ల పోయవోతుంటే, నీళ్లు పోసే అవ్వ "బిడ్డా, ఇవి చెరువు నీళ్ల వాసన కొడుతున్నయి" అన్నది. క్యాన్‌ను ఎండకు పట్టి చూసిన. అడుగున సన్నగ ఆకుపచ్చ పొర. ఊపితే ఆ పొర ముక్కలై పైకి లేచింది. మిగిలిన క్యాన్లు కూడా చూసిన, సగానికి సగం అట్లనే ఉన్నయి.

ఫోన్ చేస్తే వచ్చిండు, జేబుల టీడీఎస్ మీటర్ పెట్టుకొని. గ్లాసుల ముంచి "అరవై సూపెడుతుందక్కా, అయిదొందల దాక మంచియే" అన్నడు. ఆ అయిదొందలు నిజమే. తాగునీటికి ఐఎస్ 10500 అని ఒక ప్రమాణం ఉన్నది, నీళ్లల్ల కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిదని అదే చెప్తది. కానీ అదే కాయితంల ఇంకో మాట ఉన్నది: 100 మిల్లీలీటర్ల నీళ్లల్ల ఈ-కొలి క్రిమి ఒక్కటి కూడా కనపడొద్దు. ఆయన జేబుల మీటర్‌కు ఆ సంగతి తెల్వదు. నీళ్లల్ల కరిగిన లవణం ఎంతున్నదో చెప్తది గానీ పురుగున్నదో లేదో చెప్పదు.

మా చెల్లె బిడ్డ మైక్రోబయాలజీ చదువుతది. ఆమె హెచ్‌టూఎస్ టెస్టు సీసాలు రెండు తెచ్చింది, నీళ్లల్ల పురుగుంటే అవి నల్లగైతయట. ఒకదాంట్ల క్యాన్ నీళ్లు, ఒకదాంట్ల మా నల్లా నీళ్లు పోసి షెల్ఫు మీద పెట్టినం. తెల్లారి చూస్తే క్యాన్ నీళ్ల సీసా డికాక్షన్ లెక్క నల్లగైంది. నల్లా నీళ్లది పోసినప్పుడు ఎట్లున్నదో అట్లనే ఉన్నది. నాకు నమ్మబుద్ధి కాలేదు. పైసలిచ్చి కొన్నయి ఖరాబు, మున్సిపాలిటీ నల్లాలొచ్చినయి మంచియా అని. ఆమె విడమరిచి చెప్పింది. నల్లా నీళ్లల్ల కొంచెం క్లోరిన్ మిగిలే ఉంటది, అది కాపలా కాస్తది. ఆర్‌వో మిషన్ల ఆ క్లోరిన్ పోతది. అట్లాంటి నీళ్లను కడగని క్యాన్ల నింపి ఆటో ట్రాలీ మీద ఎండల తిప్పితే, కాపలా లేని ఇంట్ల ఎవరైనా దూరుతరు.

ల్యాబ్ రిపోర్టు ఇయ్యమని ఆయన్ని అడిగిన. అప్పుడన్నడు: "ఉత్తగ తాగేటోళ్లకు రిపోర్టెందుకక్కా?"

ఈ మాట నాకు ఇప్పటికీ అరగడం లేదు. హోటళ్లకు ఏసే క్యాన్లు వేరే, చలివేంద్రాలకు ఏసేయి వేరే అని ఆయనే నోరు జారిండు. అంటే నేను ఆయనకు పూర్తి రేటు ఇచ్చుకుంట, నా పేరు మీద, ఎండల నడిచి వచ్చినోళ్లకు రెండో రకం నీళ్లు పోయించాలట. బస్సు దిగి చేతుల సంచులతోటి వచ్చే ఆడోళ్లు తాగుతరు, ఆటోలోళ్లు తాగుతరు, ఎంజీఎం దవాఖానల మనుషులను పెట్టుకొని తిరుగుతున్నోళ్లు సీసాలల్ల నింపుకొని పోతరు. రిపోర్టు అక్కర్లేనిది వీళ్లకా? ఆ రోజే ఆయన లెక్క బంద్ చేసిన.

బంద్ చేసినంక అసలు తిప్పలు మొదలైంది. మా పిల్లగాడు "నల్లా నీళ్లు మంచియే కదమ్మా, అవే రంజన్ల పొయ్యి" అన్నడు. ఆ నల్లా రోజు విడిచి రోజు వస్తది, సంపుల నిల్వ చేసిన నీళ్లకు నేను హామీ ఇయ్యలేను. మా ఆయన "ఫ్లెక్సీ పీకేసి సప్పుడు చెయ్యకుండ కూసుందాం" అన్నడు. పక్క దుకాణమాయన కూడా అదే సలహా. నేను ఏం చేసిన్నంటే, స్వీట్ల డబ్బా అట్ట చింపి "నీళ్లు బాగలేవు. మంచిగ అయినంక పెడతం" అని రాసి ఫ్లెక్సీ కింద కట్టిన. పక్కాయన నెత్తి పట్టుకున్నడు. "పైన నీ దుకాణం పేరు, కింద బాగలేవని రాత, ఇగ నీ గారెలెవరు కొంటరు?" అన్నడు. ఆ మాట అన్యాయమేం కాదు. ఆ నడుమ గిరాకీ పడ్డది, దాచుడెందుకు. రోజుకు పదిసార్లు ఆ అట్ట తీసేద్దామనిపించింది. వాట్సాప్ ఫొటోల ఆ అట్ట కనపడకుండ పైన సగమే తీసినరు, అది వేరే ముచ్చట.

దానం చేస్తే పేరెందుకని గ్రూపుల ఇద్దరు ముగ్గురు రాసినరు. సూటిగ చెప్త. చలివేంద్రంతోటి మన దుకాణానికి పేరొచ్చింది. నీళ్లు తాగనీకె ఆగినోళ్లు లోపలికొచ్చి సర్వపిండి తిన్నరు, సంక్రాంతికి సకినాలు చెప్పిపోయినరు. దీంట్ల నాకేం సిగ్గు లేదు. కంపెనీల చట్టం 2013 కింద లాభాలొచ్చే పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభంల రెండు శాతం సేవకు పెట్టాల్నంటరు, తమ సరుకు ప్రచారానికి చేసిన స్పాన్సర్‌షిప్పును అందుల లెక్కపెట్టొద్దంటరు. మన గల్లాపెట్టెకు ఆ చట్టం లేదు, బలవంతం లేదు. దానం చేసినందుకు ఆదాయపు పన్ను తగ్గుతదా అని మా ఆడిటరును అడిగితే నవ్విండు. దానికి నమోదైన సంస్థకే ఇయ్యాలె, నగదైతే 2000 దాటొద్దు, నీళ్లూ బియ్యం అసొంటి వస్తువులిస్తే పనికిరాదు.

పేరు ఎందుకుండాల్నంటే, తిట్టనీకె మనిషి దొరకాలె గనుక. ఫ్లెక్సీ మీద పేరుంటేనే కదా "నీ నీళ్లు వాసనొస్తున్నయి" అని ఎవరైనా లోపలికొచ్చి అడిగేది. రామప్ప గుడి 1213ల కట్టించిన రేచర్ల రుద్రుడు శాసనం చెక్కించి పేరు పెట్టుకున్నడు. తప్పని ఎవరూ అనలేదు. అయినా జనం మాత్రం ఆ గుడిని చెక్కిండని చెప్పుకునే శిల్పి పేరుతోటే పిలుస్తున్నరు. నీళ్లు పోసే మా అవ్వ కూడా ఇదే మాట అంటది, ఫ్లెక్సీ మీద నీ పేరున్నా తాగినోళ్లు దండం పెట్టేది నాకే అని. చలివేంద్రం బందున్న రోజులకు కూడా ఆమె కూలి ఆమెకిచ్చిన.

ఇప్పుడు సంగతి ఇది. లోపల సకినాల పిండి తడపనీకె వాడే ఫిల్టర్ నుంచే బయటికి పైపు గుంజినం. మీరు కొని తినే దాంట్ల పోసే నీళ్లూ, ఉత్తగ తాగే నీళ్లూ ఒక్కటే. ల్యాబ్ రిపోర్టు తెప్పించి గల్లా పక్కన అతికించిన, మల్ల మల్ల తెప్పిస్త. మిషన్ చిన్నది గనుక నాలుగు రంజన్ల బదులు రెండే ఉంటయి, పగటీలి మూడు గొట్టంగనే నీళ్లు అయిపోవచ్చు. రాత్రి రంజన్లు వంచి, కడిగి బోర్లిస్తం. గ్లాసు ముంచుడు లేదు, పొడుగు కాడ గంటెతోటి అవ్వనే పోస్తది.

కిలోకు పది రూపాయలు కలిపి తీసుకో, లేకుంటే గల్లా మీద హుండీ పెట్టు అని మీల కొందరు మంచి మనసుతోటే అన్నరు. పెట్టను. మీ పైసలతోటి నా ఫ్లెక్సీ నేనెందుకు కట్టుకోవాలె?

నీళ్ల రుచి తేడా అనిపిస్తే అవ్వను అనకండి, లోపలికి రండి. గల్లా మీద నేనే ఉంట.

ప్లాంటన్నా, నువ్వు కూడా ఇది చదువుతవని తెలుసు. నీ ఖాళీ క్యాన్లు వెనక గోడ పొంటి పెట్టించిన. నా డిపాజిట్ పైసలు తెచ్చిచ్చి తీస్కపో.