నాన్నా, ఈ వాచీకి కంపెనీతో పనిలేదు

వాటర్లూ, కెనడా
ఆదివారం

నాన్నా,

నేను బాగున్నాను. పని మామూలే, చెప్పుకోడానికేం లేదు. అమ్మ మోకాలికి మాత్ర మార్చారట కదా, చంటిగాడు చెప్పాడు. అది ఏదైనా తిన్నాకే వేసుకోమను, పరగడుపున వద్దు. ఆ మాట అమ్మకి నువ్వే చెప్పు, నేను చెబితే వినదు.

వాచీ పంపిస్తున్నాను. అప్ప వాళ్ల మరిది సిరిమాను పండగకి వస్తున్నాడు, అతని చేతికిచ్చాను. చేతిసంచీలోనే పెట్టుకోమన్నాను, బ్యాటరీ ఉన్న వస్తువు కదా. మూడు లాంతర్ల దగ్గర వాళ్లింటికి చంటిగాడు వెళ్లి తెచ్చుకుంటాడు. డబ్బాలో రెండుంటాయి: వాచీ, దాని చార్జింగ్ తీగ. ఆ తీగ పోతే బజార్లో దొరకదు. అన్నిటికంటే ముందు దానికో చోటు చూడండి.

నువ్వు ఫోన్లో అడిగావు, "మూసేసిన కంపెనీ వాచీ మనకెందుకే" అని. చందాలేసుకుని చేసిన వాచీ అంటే చిట్టీల వ్యవహారంలా ఉందనీ అన్నావు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను.

దీని పేరు పెబుల్, ఫోనొస్తే మణికట్టు మీద కొట్టి చెప్పే స్మార్ట్ వాచీ. చేసినతను ఎరిక్ మిజికోవ్‌స్కీ, ఈ ఊరి యూనివర్సిటీలోనే చదివాడు. సైకిల్ తొక్కుతూ ఫోన్ తియ్యకుండా మెసేజ్ చూసుకోవాలని మొదలెట్టాడు. పెట్టుబడి పెట్టేవాళ్లు సరిగ్గా దొరక్క 2012 ఏప్రిల్‌లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైటులో పెట్టాడు. లక్ష డాలర్లు కావాలన్నాడు. మే నెలలో లెక్క ముగిసేసరికి 68,929 మంది కలిసి కోటి రెండు లక్షల డాలర్ల పైన ఇచ్చారు. ఇది చిట్టీ కాదు నాన్నా. వడ్డీ లేదు, వాటా లేదు, పాట లేదు. డబ్బు ముందిస్తావు, వాచీ తయారయ్యాక నీకొకటి పంపుతారు, అంతే. తయారవకపోతే డబ్బు పోవచ్చు కూడా, ఆ మాట దాచను. వీళ్లు సెప్టెంబరుకి ఇస్తామని మరుసటేడు జనవరికి మొదలుపెట్టారు, కానీ ఇచ్చారు. 2015లో రంగుల వాచీకి మళ్లీ అడిగితే రెండు కోట్ల డాలర్ల పైన వచ్చింది. నీకు పంపింది ఆ రంగులదే, పెబుల్ టైమ్. 2016లో మూడోసారీ అడిగారు, డబ్బొచ్చింది కానీ కంపెనీ సాగలేదు. డిసెంబరులో కంపెనీ చేతులెత్తేసింది, సాఫ్ట్‌వేర్‌నీ కొంతమంది మనుషుల్నీ ఫిట్‌బిట్ అనే ఇంకో వాచీల కంపెనీ తీసుకుంది. అప్పటికి తయారవని వాచీలకి డబ్బు వెనక్కిచ్చేశారు.

2018 జూన్ 30న సర్వర్లూ, అంటే వాచీలకి నెట్‌లో పనిచేసిపెట్టే కంపెనీ కంప్యూటర్లూ, ఆపేశారు. మిల్లు లాకౌటైతే గేటు దగ్గర ఎలగుంటాదో నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఇక్కడ గేటు మూసినా మగ్గం ఆడుతూనే ఉంది. సర్వరు పోతే ముఖ్యంగా పోయినవి మూడు: మాట్లాడితే అక్షరాలు రాయడం, వాన కబురు, వాచీ బొమ్మలు దించుకునే దుకాణం. అవి కూడా రెబుల్ అని కొందరు వాడేవాళ్లే చేరి మళ్లీ నిలబెట్టారు. మాటని అక్షరాలు చెయ్యడానికీ వాన కబురుకీ నెలకింత తీసుకుంటారు, మనకి అక్కర్లేదు. నా ఫోన్ వస్తే నీ మణికట్టు మీద కొట్టడానికి ఏ సర్వరూ వద్దు. నీ ఫోనూ వాచీ తమలో తాము బ్లూటూత్‌లో మాట్లాడుకుంటాయి, మధ్యలో నెట్ కూడా అక్కర్లేదు. తరవాత ఫిట్‌బిట్‌ని గూగుల్ కొనేసింది, 2025లో దీని లోపలి సాఫ్ట్‌వేర్‌ని అందరికీ వదిలేసింది, ఎరిక్ మళ్లీ కొత్త వాచీలు చేస్తున్నాడు. అవి ఖరీదు. పాతది చాలు.

మెరిసేవి బోలెడు దొరుకుతుంటే ఇదే ఎందుకు అంటావు. వాటికి రోజూ చార్జింగ్ పెట్టాలి, నువ్వు పెట్టవు, నాకు తెలుసు. దీనికి అద్దం మీద వేలు జరపడం ఉండదు, బొత్తాలే. తడిచేతులతో, మట్టిచేతులతో నొక్కినా పనిచేస్తాయి. ఎండలో ఎంత బాగా కనిపిస్తుందంటే, పొలం గట్టు మీద నిలబడి టైము చూసుకోవచ్చు. ఇంట్లో దీపం కింద మాత్రం మసకగా ఉంటుంది. దాని తెరకి సొంత వెలుగు తక్కువ, బయటి వెలుగుతోనే చూపిస్తుంది. మణికట్టు ఒక్కసారి విదిలిస్తే లోపలి దీపం వెలుగుతుంది. పాడైందని అమ్మ కంగారు పడకుండా ముందే చెప్పు.

అసలు సంగతి ఫోన్. మగ్గాల మధ్య నిలబడ్డ చెవులవి, జేబులో మోగితే నీకు వినపడదు. నేను చేసినప్పుడల్లా మోగి మోగి ఆగిపోతుంది. ఇక్కడ నాకు రాత్రయితే అక్కడ నీకు పగలు, మళ్లీ చెయ్యడానికి తెల్లారాలి. ఆ మధ్యలో నేనేం ఊహించుకుంటానో రాయను. తప్పు నీదని అనడం లేదు. వాచీ చేతికుంటే చెవితో పనుండదు.

ఇక్కణ్ణుంచి చంటిగాడు చదవాలి.

ఒరే చంటీ, నాన్న ఫోన్లో గాడ్జెట్‌బ్రిడ్జ్ వెయ్యి, వాచీనీ ఫోన్నీ కలిపే యాప్ అది. ప్లే స్టోర్‌లో వెతక్కు, ఎఫ్-డ్రాయిడ్ అనే ఇంకో యాప్‌ల దుకాణం నుంచి దించు. పాత పెబుల్ యాప్ కొత్త ఫోన్లలో ఎక్కదు, దానితో కుస్తీ పడకు. గాడ్జెట్‌బ్రిడ్జ్‌కి అకౌంటూ పాస్‌వర్డూ ఏమీ ఉండవు. ప్లస్ గుర్తు నొక్కి వెతికితే పెబుల్ టైమ్ పేరుతో రెండు కనిపించొచ్చు, ఒకదాని పేరులో ఎల్.ఈ. అని ఉంటుంది. ఎల్.ఈ. లేనిదే పట్టుకో. తప్పుది పట్టుకుంటే కలిసినట్టే కలిసి ఊరికే తెగిపోతుంటుంది. అంకెలు రెండుచోట్లా ఒకటేనా అని చూసి రెండుచోట్లా సరే అను.

కలిశాక అయిపోయిందనుకుని లేచిపోకు, ముఖ్యమైనవి ఇప్పుడే ఉన్నాయి. ఒకటి, ఫోన్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ యాక్సెస్ ఇవ్వాలి. ఆ మీట బూడిదరంగులో ఉండి నొక్కుడు పడకపోతే, యాప్ ఇన్ఫోలోకి వెళ్లి పైనున్న మూడు చుక్కల్లో "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అనుమతించు" అన్నది నొక్కి మళ్లీ రా. ప్లే స్టోర్ బయటి యాప్‌లకి కొత్త ఆండ్రాయిడ్ పెట్టే అడ్డు అది. రెండు, ఫోనూ కాంటాక్ట్సూ అనుమతులు. కాంటాక్ట్స్ ఇవ్వకపోతే పేరు బదులు నంబరు పడుతుంది, నాన్నకి నంబర్లు గుర్తుండవు. మూడు, బ్యాటరీ. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. నాన్నది చవక ఫోను, స్క్రీన్ ఆరిన కాసేపటికి వెనకాల ఉన్న యాప్‌లని చంపేస్తుంది. మొదటి రోజంతా బాగానే పనిచేసి మర్నాడు పొద్దున్న కాల్ రాకపోతే కారణం ఇదే. యాప్ ఇన్ఫోలో బ్యాటరీని అన్‌రిస్ట్రిక్టెడ్ చెయ్యి, ఆటోస్టార్ట్ అని ఉంటే అదీ తెరువు. ఇటీవలి యాప్‌ల తెరలో గాడ్జెట్‌బ్రిడ్జ్‌కి తాళం గుర్తు పెట్టు. నాన్న అన్నీ పైకి తోసి మూసేస్తుంటాడు, చూశావుగా.

వాచీలో తెలుగు రాదు. తెలుగు అక్షరం ఉన్న చోటల్లా ఖాళీ డబ్బాలు పడతాయి, లోపల మన లిపికి ఫాంటే లేదు. అందుకని నా పేరూ, అప్పదీ, నీదీ, డాక్టరుగారిదీ ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో సేవ్ చెయ్యి. మిగతావాళ్లు డబ్బాలైనా పర్వాలేదు. వాట్సాప్ గ్రూపులన్నీ ఫోన్లోనే మ్యూట్ చేసెయ్. పొద్దున్నే శుభోదయం పువ్వులకి కూడా చేతి మీద కొట్టిందంటే నాన్న రెండో రోజే తీసి బీరువాలో పెట్టేస్తాడు. కాల్స్ మాత్రమే కొట్టాలి. వాచీ సెట్టింగ్స్‌లో వైబ్రేషన్స్ అని ఉంటుంది, ఫోన్ కాల్స్‌కి అన్నింట్లోకీ గట్టిది ఎంచు.

ఒక్కటి మాత్రం చెయ్యకు. ఏదో సరిగ్గా లేదని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టకు. ఈ వాచీ రీసెట్ అయితే రికవరీలోకి వెళ్లిపోయి, ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్, మళ్లీ ఎక్కించేదాకా టైము కూడా చూపించదు. ఆఖరి ఫర్మ్‌వేర్ 4.3 ఎక్కించే పంపాను. కనెక్షన్ చెడితే రెండు వైపులా ఫర్గెట్ కొట్టి మళ్లీ కలుపు, అది చాలు. ఒక్క వైపే మరిపిస్తే కలవదు.

నాన్నా, మళ్లీ నీకే.

బొత్తాలు నాలుగు. ఎడమవైపు ఒకటి, అది వెనక్కి. కుడివైపు మూడు: పైది, మధ్యది, కిందిది. ఫోన్ వచ్చినప్పుడు పైది నొక్కితే ఎత్తినట్టు, కిందిది నొక్కితే కట్ చేసినట్టు. ఎత్తాక మాట్లాడ్డానికి ఫోన్ తియ్యాల్సిందే, వాచీలో స్పీకరు లేదు. అందుకని పైది నొక్కకు, అసలు ఏదీ నొక్కకు. కొట్టగానే జేబులోంచి ఫోన్ తియ్యి, మామూలుగా ఎత్తు.

ఎడమ బొత్తాన్ని ఎక్కువసేపు నొక్కి పట్టుకోకు. క్వైట్ టైమ్ అని ఒకటి పడిపోతుంది, ఇక ఫోనొచ్చినా కొట్టదు. చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంటే కూడా అది నొక్కుకుపోవచ్చు. కొట్టడం మానేసిందనిపిస్తే చంటిగాణ్ణి పిలిచి ముందు అదే చూడమను, తరవాతే ఫోన్ సంగతి.

ఫోన్ బీరువాలో పెట్టి నువ్వు పెరట్లోకి వెళితే అందదు. ఖాళీ చోట ముప్ఫై అడుగులు, మధ్యలో మన పాత గోడలుంటే అందులో సగం. జేబులో ఉంటేనే నమ్మకం.

పాతది కాబట్టి బ్యాటరీ ఏడు రోజులు రాదు. కంపెనీ ఆ రోజుల్లో ఏడన్నది, ఇప్పుడు నాలుగొస్తే గొప్ప. వారానికి రెండు రోజులు పెట్టుకో, మంగళవారం శుక్రవారం, భోజనం చేసి కునుకు తీసేటప్పుడు. వెనకాల రెండు చిన్న చుక్కలుంటాయి, తీగ అయస్కాంతంతో దానంతటదే అతుక్కుంటుంది. అతుక్కునే ముందు ఆ చుక్కల్ని పొడిగుడ్డతో తుడువు. మన చెమటలో ఉప్పుంటుంది కదా, దానిమీదే కరెంటు పెడితే చుక్కలు నల్లబడి తినేస్తాయి. అప్పుడు చార్జ్ ఎక్కదు, బ్యాటరీ పోయిందనుకుంటారు. నల్లబడితే స్పిరిట్ తడిపిన దూదితో రుద్దితే చాలు, కత్తితో గీకొద్దు. చంటిగాడి ఫాస్ట్ చార్జర్ వద్దు, నీ పాత బొత్తాల ఫోనుది ఉంది కదా, దానికి పెట్టండి.

స్నానానికి తీసెయ్యి. కొత్తలో నీళ్లలో మునిగినా ఏమీ కాదన్నారు, నిజమే, కానీ లోపలి రబ్బరు పదేళ్లది. వేడినీళ్లూ సబ్బూ మరీ చెడ్డవి. చంపావతిలో దిగినా తీసి ఒడ్డున పెట్టు. నీళ్లు లోపలికెళితే బాగుచెయ్యడం కుదరదు. అద్దం జిగురుతో అంటించి ఉంటుంది, గంటస్తంభం దగ్గర ఏ వాచీ కొట్టతనైనా సరే, విప్పబోతే తెర పగలగొడతాడు. విప్పనివ్వకు. పట్టీ మాత్రం మామూలు 22 మిల్లీమీటర్లది, అది ఎవరైనా మారుస్తారు. రబ్బరుది చెమటకి దురదపెడితే గుడ్డపట్టీ వేయించుకో.

అమ్మ అడుగుతుంది, ఇది బీపీ చూపిస్తుందా అని. చూపించదు. సుగరూ చూపించదు, గుండె కొట్టుకోవడం కూడా లెక్కపెట్టదు. అడుగులు లెక్కపెడుతుంది, అదీ చెయ్యి ఊగితేనే. సైకిల్ నడిపించుకుంటూ వెళితే సరిగ్గా పడవు. ఆ అంకె చూసి నడక తగ్గిందని బెంగపడొద్దు.

మాత్రల సంగతికి మాత్రం పనికొస్తుంది. అలారమ్స్‌లో పొద్దున్న ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదిన్నరకి ఒకటి రోజూ కొట్టేలా పెట్టే పంపాను. అవి వాచీలోనే ఉంటాయి, ఫోన్ దగ్గర లేకపోయినా కొడతాయి. కొట్టగానే ఆపేసి తరవాత వేసుకుందాం అనుకోకు. అమ్మ మాత్రకీ అదే టైము చాలు, ఇద్దరూ కలిసే వేసుకోండి.

డబ్బు ఎంతైందని మళ్లీ అడగొద్దు. వాడినదే కొన్నాను, కొత్తదాంట్లో సగం కూడా కాలేదు. అప్ప కూతురి ఫీజుకి పంపుతానన్నది పంపుతున్నాను, దీనికీ దానికీ సంబంధం లేదు.

పెరటి గోడ కట్టించేశారా? మేస్త్రీ మళ్లీ డబ్బులడిగితే పని చూశాకే ఇవ్వు. సిరిమాను రోజు జనంలోకి వెళ్లేటప్పుడు వాచీ ఇంట్లో పెట్టి వెళ్లు, ఫోన్ మాత్రం చేత్తో పట్టుకో, ఆ రోజు నేను చెయ్యను. మర్నాడు మీ పొద్దున్న తొమ్మిదికి చేస్తాను. చేతికి కట్టుకునే ఉండు. రెండుసార్లు కొట్టించి చూస్తాను, కొట్టకపోతే చంటిగాడి నంబరుకి చేస్తాను, వాణ్ణి ఆ గంట ఇంట్లోనే ఉండమను.

మీ గుంట