పిలకాయల పేపర్ సంగతి

ఒరేయ్ బావా,

ఎట్టున్నావు? ఫోన్లో చెప్తే తెగేది కాదని కూర్చుని రాస్తన్నా, తీరిగ్గా చదువు. ఈసారి బాలల సైన్స్ కాంగ్రెస్‌కి మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలిద్దరితో పేపర్ రాయిస్తన్నా. అదేరా, 1993 నుంచి జరుగుతా ఉందే, పది నుంచి పదిహేడేళ్ళ పిల్లలు సొంతంగా కనుక్కున్నది పేపర్‌గా రాసుకొచ్చి చెప్పేది, అదే.

మొదట్లో వాళ్ళు తెచ్చిన టాపిక్ "నీటి కాలుష్యం". అంతే, ఇంకేం లేదు. మీ ఊళ్ళో నీళ్ళ గురించి మీకు తెలియంది ఏముందో చెప్పండమ్మా అన్నా. రెండ్రోజులు ఏం మాట్లాడలా. మూడోరోజు ఒక పాప వచ్చి, మా నాయనమ్మకి నడుం వంగదు సార్, పక్క బజారులో ఆమె ఈడు వాళ్ళు బాగానే నడుస్తన్నారు, రెండు బజార్ల బోర్లు వేరు, అదేమన్నా కారణమా అని అడిగింది. నాకు ఒళ్ళు జలదరించిందిరా. పేపర్ అక్కడే మొదలైంది.

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి కదా, అందుకని ఊళ్ళో 12 బోర్లు, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసే కిట్టు, ఒక నోటుబుక్కు. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా తాగొచ్చు అని ప్రమాణం. వాళ్ళ బజారు బోరు మొదటిసారి 2 చూపించింది, రెండోసారీ 2, మూడోసారి మాత్రం 1. పాప రబ్బరు తీసి ఆ 1ని చెరిపేస్తా ఉంటే చెయ్యి పట్టుకుని ఆపా. తప్పు పడింది సార్ అంటది. తప్పో కాదో ముందు కనుక్కో, చెరపమాక అన్నా. ఆరా తీస్తే ఏందంటే, ఆరోజు కరెంటు లేక మోటారు ఆడలేదంట, బోరు పక్కనున్న తొట్టిలో నీళ్ళు పట్టుకొచ్చిందంట, ముందురాత్రి కురిసిన వాన ఆ తొట్టిలో కలిసింది. ఇప్పుడు పేపర్ మొత్తంలో నాకు బాగా నచ్చిన పేరా అదే.

రాయించడం మాత్రం పెద్ద పనేరా. "నీరు ప్రాణాధారం, నీరు లేనిదే జీవం లేదు" అని పేజీన్నర రాసుకొచ్చారు, మనం పరీక్షల్లో వ్యాసాలు రాసినట్టే. కొట్టేయించా, ఏడుపు మొహం పెట్టారు పాపం. మూలం అని అడిగితే "గూగుల్" అని రాశారు, ఎవరు రాశారు, ఏ సంవత్సరం, ఎందులో వచ్చింది, చదివినప్పుడే పక్కన రాసుకోమని వారం రోజులు చెప్తానే ఉన్నా. నడుం నొప్పికి ఫ్లోరైడే కారణమని "రుజువైంది" అన్న మాట కూడా తీయించా, 12 బోర్లు చూసి నీళ్ళ గురించి చెప్పగలం గానీ నాయనమ్మ నడుం గురించి చెప్పేది డాక్టరే కదా.

ఇంకోటి చెప్పాలి. వెతుకుతా ఉంటే 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ రాసిన పేపర్ సంగతి దొరికింది, అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే మన కనిగిరి, పొదిలి, దర్శి వైపు, ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించే. పాప లెక్కేసుకుని, "అంటే మా నాయనమ్మ పుట్టకముందే తెలుసా సార్?" అంది. నేనేం చెప్పాల్రా? ఆ ప్రశ్న కూడా రాయమన్నా.

డ్రాఫ్ట్ వాట్సాప్‌లో పంపిస్తన్నా. భాష దిద్దమాక, అది వాళ్ళదే ఉండనీ. ఎక్కడ అర్థం కాలేదో అక్కడ గీత పెట్టి ఆదివారంలోపు పంపు, సోమవారం ఆ పిల్లలు నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడతారు.

నీ బావ