మంత్రి గారూ, మా కంప్యూటర్ గదిలో బల్లలు జరుపుకోనివ్వండి

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఒంగోలుకు దగ్గరలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత కూడా నాదే. కొత్త కంప్యూటర్లు ఇవ్వమని రాయడం లేదు. ఉన్నవాటిని తిప్పి పెట్టుకోనివ్వమని అడుగుతున్నాను.

మా ల్యాబ్‌లో పది కంప్యూటర్లు. రెండు వరసల్లో, పిల్లలంతా బోర్డుకేసి చూసేటట్టు, బల్లల్ని నేలకు బోల్టులేసి బిగించేశారు. ఎనిమిదో తరగతిలో నలభై మంది, అంటే ఒక్కో కంప్యూటర్‌కు నలుగురు. మౌస్ పట్టుకున్న పిల్ల ఒక్కతే పని చేస్తుంది. పక్కనున్న పిల్లకు సగం తెర కనిపిస్తుంది. మిగతా ఇద్దరికీ ముందున్న జడలే. గోడ మీద మాత్రం పెద్దక్షరాలతో 'మాట్లాడరాదు'.

పోయిన నెల పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పిల్లి బొమ్మను నడిపిస్తున్నారు. ఒకమ్మాయి పిల్లి తెర అంచు దాటేసి తోక మాత్రం మిగిలింది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లాడు వెనక వరసలోంచి లేచి, కింద తీగలు తొక్కకుండా అడుగులేసుకుంటూ వచ్చి తొంగిచూశాడు. "ఎక్స్ 240 దాటింది మే, సున్నా పెట్టి చూడు" అన్నాడు. పెట్టింది. పిల్లి నడిమధ్యకొచ్చి నిలబడింది. మూడు పీరియడ్లు బోర్డు మీద గీతలు గీసి నేను చెప్పిన ఎక్స్ అక్షం ఆ ఇద్దరికీ అరనిమిషంలో ఒంటబట్టింది. అప్పుడు వాణ్ణి నేనే వెనక్కి పంపాల్సి వచ్చింది, నిలబడడానికి చోటు లేక. ఆ రోజు ఇంటికెళ్ళినా అదే మనసులో మెదులుతూ ఉంది.

ముందుకు చూస్తూ వినాల్సిన పాఠం ఇప్పుడు తరగతి గదుల్లో ఐఎఫ్‌పీల మీద, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెరల మీద, నడుస్తూనే ఉంది. ల్యాబ్‌లోనూ అవే వరసలు ఎందుకండీ? 1999లో ఢిల్లీ కల్కాజీలో సుగత మిత్రా అనే పరిశోధకుడు గోడకు కంప్యూటర్ అమర్చి బస్తీ పిల్లలకు వదిలేస్తే, వాళ్ళు దాని చుట్టూ గుమిగూడి ఒకరికొకరు చూపించుకుంటూ నేర్చుకున్నారు. టీచర్ అక్కర్లేదని నేననను. గుమిగూడే వీలు కావాలంటాను.

బోల్టులు విప్పి కంప్యూటర్లను మూడు గోడల వెంట పెడితే తీగలు కాళ్ళకు అడ్డం రావు. కంప్యూటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య మూడడుగులు వదిలితే నలుగురూ ఒక తెర చుట్టూ చేరతారు. నేను నడుమ నిలబడితే పది తెరలూ కనిపిస్తాయి. పది నిమిషాలు ఒకరు మౌస్ పట్టుకోవాలి, పక్కవాళ్ళు చెప్పాలి, తర్వాత మారాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇద్దరు కలిసి ఇలాగే చేస్తే పెయిర్ ప్రోగ్రామింగ్ అంటారు. ఖాళీ అయిన నడిమి చోటులో చీమకుర్తి గ్రానైట్ పలక ఒకటి, పాలిష్ పట్టని వైపు పైకి పెట్టుకుంటాం. పిల్లలు ముందు సుద్దతో దాని మీద ఆలోచన రాసుకుని, తర్వాతే కీబోర్డు ముట్టుకుంటారు. పలక ఇస్తామని ఊళ్ళో వాళ్ళే ముందుకొచ్చారు.

అడ్డొస్తున్నది ఒక్కటే. బల్లలు స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నాయి, చెయ్యి పెట్టొద్దన్నారు. సర్కారు బడుల్ని బాగుచేసే 'మన బడి నాడు-నేడు' పథకం 2019 నవంబరు 14న మా ఒంగోలులోనే మొదలైంది. గోడలు, బెంచీలు, మరుగుదొడ్లు మారడం కళ్ళారా చూశాం. ల్యాబ్‌లో బల్లల అమరికను ప్రధానోపాధ్యాయులు, పాఠశాల యాజమాన్య కమిటీ కలిసి నిర్ణయించుకోవచ్చని జిల్లా విద్యాశాఖాధికారులకు ఒక ఉత్తర్వు ఇప్పించండి. వేసవి సెలవుల లోపు అది అందితే, బడి తెరిచేసరికి మా గది సిద్ధంగా ఉంటుంది. 'మాట్లాడరాదు' అన్న రాతకు సున్నం నేనే వేస్తాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
ప్రకాశం జిల్లా